వీసా కోసం థాయ్ నేర్చుకుంటే తప్పా?

బ్యాంకాక్‌లోనో చియాంగ్ మైలోనో కాపురం పెట్టిన విదేశీయుడు థాయ్ నేర్పే బడి కోసం వెతకడం మొదలుపెట్టగానే రెండు లెక్కలు ముందుకొస్తాయి. ఒకటి భాషది, రెండోది వీసాది. విద్యాశాఖ గుర్తింపు ఉన్న బడిలో చేరితే ఎడ్యుకేషన్ వీసాకు దారి దొరుకుతుంది. యాభై ఏళ్లు నిండని, అక్కడ ఉద్యోగం గానీ పెళ్లి సంబంధం గానీ లేని మనిషికి ఎక్కువ కాలం ఉండటానికి అందుబాటులో ఉన్న కొద్ది మార్గాల్లో అదొకటి. దాంతో వీసా కోసమే ఫీజు కట్టేవాళ్లు తయారయ్యారు, ఫీజు కోసమే బడి నడిపేవాళ్లూ తయారయ్యారు. గడువు పొడిగించుకోవడానికి వెళ్లినప్పుడు ఇమ్మిగ్రేషన్ అధికారులు ఒక్కోసారి థాయ్‌లో నాలుగు ప్రశ్నలు వేసి చూడటం ఇందుకే. ఈ పరిస్థితిలో నీతి చెప్పేవాళ్లు అనే మాట ఒక్కటే: ముందు నీ ఉద్దేశం శుద్ధంగా ఉందో లేదో చూసుకో, భాష మీద ప్రేమ ఉంటేనే చేరు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఈ సలహా రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తోందని నా అభిప్రాయం.

ఆ దేశపు బౌద్ధాన్నే చూడండి. అక్కడ మగపిల్లలు కొంతకాలం భిక్షువులై తిరిగి సంసారంలోకి రావడం ఆనవాయితీ. కొందరు వర్షావాసం మూడు నెలలూ ఉంటారు, కొందరు రెండు వారాలతో సరిపెట్టుకుంటారు. 1956లో భూమిబల్ రాజు కూడా బ్యాంకాక్‌లోని వాట్ బొవొన్నివేట్‌లో 15 రోజులు భిక్షువుగా ఉన్నాడు. ఇలా చీవరం కట్టేవాళ్లందరికీ వైరాగ్యం కలిగిందని ఎవరూ అనుకోరు. తల్లికి పుణ్యం రావాలని ఒకడు, పిల్లనిచ్చేవాళ్ల ముందు మర్యాద నిలవాలని మరొకడు, నాన్న పోరు పడలేక ఇంకొకడు. భిక్షుసంఘం ఈ ఉద్దేశాలను త్రాసులో వేసి తూచదు. గుండు మాత్రం కనుబొమలతో సహా చేయించుకోవాల్సిందే, మధ్యాహ్నం దాటాక ముద్ద ముట్టకూడదు, పాటించాల్సిన నియమాలు 227. పదిహేను రోజులవాడివి కదా, సగం చాల్లే అని ఎవరూ తగ్గించరు. మనసులో ఏముందో అడగకుండా లోపలికి రానిచ్చే సంప్రదాయం, వచ్చాక నియమం దగ్గర మాత్రం పట్టు సడలించదు.

దీనికి బౌద్ధం నుంచే గట్టి అభ్యంతరం రావచ్చు. చేతననే, అంటే సంకల్పాన్నే, కర్మ అంటానని బుద్ధుడు చెప్పినట్టు అంగుత్తర నికాయంలో ఉంది కదా, అలాంటప్పుడు ఉద్దేశాన్ని పక్కన పెట్టడం ఎలా కుదురుతుంది? కుదరదు, నిజమే. అయితే ఆ చేతన దరఖాస్తు ఫారం మీద ఒక్కసారి రాసి వదిలేసేది కాదు. పలకాల్సిన స్వరం పలక్కపోతే మళ్లీ ప్రయత్నించాలా, ఈసారికి వదిలేయాలా అని విద్యార్థి తరగతిలో ప్రతి గంటా నిర్ణయించుకుంటూనే ఉంటాడు. వీసా కోసం వచ్చినవాడికి కూడా ఆ నిర్ణయాలు తప్పవు, బడి తప్పించకపోతే. తప్పించడమే పనిగా పెట్టుకున్న బడిలోనే అసలు దోషం ఉంది.

కాబట్టి బడిని ఎంచుకునేవాడు ముందు చూడాల్సింది, భిక్షువును సంఘం అడిగినట్టు, ఈ బడి తనను ఏం వదులుకోమంటోందని. నా దృష్టిలో మొదట వదలాల్సింది రోమన్ లిపి. థాయ్‌లో అయిదు స్వరాలు (టోన్లు), 44 హల్లులు. ఆ హల్లులు మూడు తరగతులు. హల్లు ఏ తరగతిదో, అచ్చు హ్రస్వమో దీర్ఘమో, పైన ఏ గుర్తు ఉందో కలిపి చూస్తేనే స్వరం తేలుతుంది. రోమన్ రాతలో ఈ లెక్క కనపడదు. పైగా ఒక్కో బడిది ఒక్కో రోమన్ పద్ధతి కావడంతో, ఆ పుస్తకం మూసేస్తే వీధిలో బోర్డు కూడా చదవలేని స్థితి. (తెలుగువాళ్లకు ఇక్కడ కొంత వెసులుబాటుంది: పల్లవ లిపి నుంచి ఖ్మేర్ మీదుగా వెళ్లిన లిపి కనుక క-వర్గం, చ-వర్గం వరస మనకు పరిచయమే. ఆ చనువుతో స్వరాలను తేలిగ్గా తీసుకుంటే మాత్రం దెబ్బతింటాం.) 1984లో భాషావేత్త మార్విన్ బ్రౌన్ బ్యాంకాక్‌లోని ఏయూఏ సంస్థలో మొదలుపెట్టిన పద్ధతి ఇంకా ముందుకెళ్లి మాటనే వదలమంది: వందల గంటల పాటు వినడమే, పలకడం తర్వాత. ఊళ్లో ఇవాళే కూరలు కొనుక్కోవాల్సినవాడికి అంత మౌనం కుదరకపోవచ్చు. అయినా అదొక నిజమైన వ్రతం, రోమన్ అక్షరాల్లో నలభై వాక్యాలు బట్టీ పట్టించడం కంటే గౌరవప్రదమైనది. ఏ ప్రాంతానికి వెళితే అక్కడివాళ్లు పాత్రను ఏమని పిలుస్తారో ఆ మాటే వాడాలి గానీ నా మాటే సరైనదని పట్టుబట్టకూడదని మజ్ఝిమ నికాయంలోని అరణవిభంగ సుత్తం చెబుతుంది. సొంత లిపిని పట్టుకు వేలాడటం కూడా ఆ పట్టుదలలో భాగమే.

బ్యాంకాక్‌లో ఇంగ్లీషుతో నెట్టుకు రావచ్చు, ఈ తపస్సు ఎందుకంటారు కొందరు. సుఖుమ్‌విత్ రోడ్డు మాల్‌లో నెట్టుకు రావచ్చు. ప్రభుత్వాసుపత్రి వరండాలో మనకు భాష రాని బరువు నర్సు మీద పడుతుంది. ఉద్యోగస్తుడికి తీరికెక్కడిదన్నది అంతకంటే న్యాయమైన ప్రశ్న. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తెలుగునూ థాయ్‌నీ ఒకే వర్గంలో చేర్చి, సుమారు 1100 గంటల తరగతులు కావాలంటుంది; వారానికి నాలుగు గంటలంటే అయిదేళ్ల పైమాటే. గంటలు తగ్గించుకోవడంలో తప్పు లేదు, ఉన్న గంటల్లో పట్టు సడలకూడదు. అన్నిటికంటే బరువైన ఆక్షేపణ వేరే ఉంది. బ్యాంకాక్ దగ్గరి సముత్ సాఖోన్ రొయ్యల షెడ్లలో పనిచేసే బర్మా కూలీలు ఏ బడికీ వెళ్లకుండానే థాయ్ నేర్చుకుంటున్నారు, బడి ఎంపిక గురించి తాత్విక చర్చ డబ్బున్నవాళ్ల వ్యవహారం కాదా? అవును, డబ్బున్నవాళ్ల వ్యవహారమే. కూలీని ఆ షెడ్డే రోజూ పరీక్షిస్తుంది, మాట రాకపోతే జీతం కోత పడొచ్చు. ఫీజు కట్టేవాడికి అలాంటి పరీక్ష లేదు కనుక దాన్ని బడి నుంచి అడిగి తీసుకోవాలి. ముందుగా ఒక తరగతిలో కూర్చుని, ఒక స్థాయిలో తప్పినవాణ్ని ఏం చేస్తారని అడిగితే సరిపోతుంది. మళ్లీ అదే స్థాయి చదివిస్తామంటే చేరవచ్చు. హాజరు సంగతి మేం చూసుకుంటాం, మీరేం కంగారు పడకండి అనే చోట, వీసా తప్ప మరేమీ అక్కర్లేనివాడు కూడా డబ్బు కట్టే ముందు ఆగి ఆలోచించుకోవాలి.