జ్ఞానం ఎవరి సొత్తు?

చదువు దొంగలు ఎత్తుకుపోలేని సొత్తని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఎకరం పొలాన్ని ఇద్దరు అన్నదమ్ములు పంచుకుంటే ఒక్కొక్కరికి అర ఎకరమే దక్కుతుంది. కాని ఒక లెక్కను నలభై మంది పిల్లలకు నేర్పినా మాస్టారి దగ్గర ఆ లెక్క తరిగిపోదు. పంచినా తరగని ఇలాంటి సొత్తు చుట్టూ కంచె వేయడం న్యాయమేనా? ఇది పండితులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని, మందుల షాపు ముందు నిలబడి జేబులోని డబ్బు లెక్కపెట్టుకునే పేదవానికి ఇది ప్రాణంతో ముడిపడిన ప్రశ్న.

పోపు రెండవ జాన్ పాల్ గారు 1991లో వెలువరించిన ‘చెంతేసిముస్ ఆన్నుస్’ విశ్వలేఖలో ఈ సంగతిని ముందే గుర్తించారు. ఒకప్పుడు ఆస్తి అంటే భూమి. మన కాలంలో శాస్త్ర పరిజ్ఞానం, సాంకేతిక నైపుణ్యం కూడా భూమికి తీసిపోని ఆస్తి అయ్యాయని, సంపన్న దేశాల కలిమి ప్రకృతి వనరుల కంటే ఈ ఆస్తి మీదనే ఎక్కువగా నిలిచి ఉందని ఆయన బోధించారు. భూమి లేని కూలీ బ్రతుకు ఎలా ఉంటుందో మన పల్లెల్లో అందరికీ తెలుసు. ఈ కొత్త ఆస్తి లేనివారు ఈ కాలపు భూమి లేని కూలీలు.

మొదట వైద్యరంగాన్ని చూద్దాం. కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు ఏడాది తిరిగేసరికి టీకాలు తయారయ్యాయి. అది మానవ మేధస్సు సాధించిన ఘనవిజయం. కాని సంపన్న దేశాలు ముందుగానే డబ్బు కట్టి కోట్లాది మోతాదులను తమ కోసం కేటాయింపజేసుకున్నాయి. పేద దేశాల వంతు ఆలస్యంగా వచ్చింది. మహమ్మారి కాలంలోనైనా పేటెంటు హక్కులను పక్కన పెట్టాలని 2020 అక్టోబరులో భారతదేశం, దక్షిణాఫ్రికా ప్రపంచ వాణిజ్య సంస్థను కోరాయి. 2022 జూను వరకు నిర్ణయం రాలేదు. అప్పుడు వచ్చినది కూడా టీకాలకు మాత్రమే పరిమితమైన కొద్దిపాటి సడలింపు.

అదే సమయంలో అమెరికాలోని టెక్సాస్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొట్టాజి అనే శాస్త్రవేత్తలు వేరొక దారి పట్టారు. హెపటైటిస్ బి టీకా తయారీలో ఎంతోకాలంగా వాడుకలో ఉన్న ఈస్ట్ పద్ధతితోనే వారి బృందం ఒక కోవిడ్ టీకాను రూపొందించింది. దానికి పేటెంటు తీసుకోలేదు. హైదరాబాదులోని బయొలాజికల్ ఇ సంస్థ దానిని ‘కోర్బెవాక్స్’ పేరుతో తయారుచేసింది. 2021 డిసెంబరులో మన దేశం దానికి అత్యవసర అనుమతి ఇచ్చింది. 2022 మార్చి 16 నుంచి పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వేసిన టీకా అదే. ఎక్కడో టెక్సాస్‌లో కొందరు తమ జ్ఞానానికి తాళం వేయకపోవడం వల్ల మన బడిపిల్లలకు మేలు జరిగింది.

ఇక్కడ ఎదుటివారి వాదన కూడా వినడం న్యాయం. మందు కనిపెట్టడం ఒక్కరోజు పని కాదు. వంద ప్రయత్నాలు చేస్తే ఫలించేవి కొన్నే. పరీక్షలకు అపారమైన ఖర్చవుతుంది. పేటెంటు అనే రక్షణ లేకపోతే ఎవరు డబ్బు పెడతారు? పనిచేసినవానికి కూలి ఇవ్వాలని సువార్త కూడా చెబుతుంది కదా? ఈ వాదనలో బలం ఉంది. కాని ఆ కూలి ఎవరెవరికి చెందాలి? కతాలిన్ కారికో అనే శాస్త్రవేత్త ‘ఎం.ఆర్.ఎన్.ఎ.’ పరిశోధనకు నిధులు దొరకక, 1995లో విశ్వవిద్యాలయంలో తన హోదాను కూడా కోల్పోయి, అయినా పని మానలేదు. ఆ పని మీద నిలిచిన టీకాలు కోట్లమందికి అందిన తరువాత, 2023లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. ఇలాంటి పరిశోధనల వెనుక ప్రజలు కట్టిన పన్నుల సొమ్ము కూడా ఎంతో ఉంది. పొలం దున్నినవారు ఎందరో ఉండగా, పంటంతా చివరన కోసినవాని గాదెలోకే పోతే అది న్యాయమైన కూలి అనిపించుకోదు.

ఈ చిక్కుకు పునీత థామస్ అక్వినాస్ పదమూడవ శతాబ్దంలోనే ఒక దారి చూపారు. ఆస్తిని సంపాదించడం, దాని నిర్వహణ చూసుకోవడం మనిషికి తగినదే అన్నారు. కాని అనుభవించే విషయంలో దానిని తనకు మాత్రమే చెందినదిగా భావించకూడదు, అవసరంలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలి అన్నారు. ప్రాణం మీదికి వచ్చినవాడు ఇతరుల సొత్తులోనుంచి తనకు కావలసినది తీసుకుంటే అది దొంగతనం కాదని కూడా ఆయన బోధించారు. శ్రీసభ ఈ బోధను నేటికీ విడిచిపెట్టలేదు. దీనిని జ్ఞానానికి అన్వయించి చూడండి. కంచె వేసుకోవచ్చు. కాని ఆ కంచెకు తలుపు ఉండాలి. కరువు వచ్చినప్పుడు ఆ తలుపు తెరుచుకోవాలి.

తలుపు తెరిస్తే ఏమవుతుందో సమాచార రంగం చూపించింది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్ లీ రూపొందించిన ‘వరల్డ్ వైడ్ వెబ్’ను 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ప్రజలకు వదిలివేసింది. రుసుము పెట్టి ఉంటే అది ఇంతగా విస్తరించేదా? అయినా 2024లో ప్రపంచంలో దాదాపు 260 కోట్ల మంది ఇంటర్నెట్టుకు దూరంగానే ఉన్నారని ఐక్యరాజ్యసమితి టెలికం సంస్థ అంచనా వేసింది. తలుపు తీయడం ఒక మెట్టు. గుమ్మం దాకా రాలేనివారిని చేయిపట్టి తీసుకురావడం రెండవ మెట్టు.

కంప్యూటరు రంగంలో ఇంకా ఆలోచింపజేసే సంగతి ఒకటి జరిగింది. శరీరంలోని ప్రోటీన్లు ఏ ఆకారంలో ముడుచుకుంటాయో తెలిస్తే రోగాలను అర్థం చేసుకోవడం, మందులు కనిపెట్టడం సులువవుతుంది. గూగుల్ డీప్‌మైండ్ వారి ‘ఆల్ఫాఫోల్డ్’ అనే కృత్రిమ మేధ ఆ ఆకారాలను ఊహించగలిగింది. 2022లో 20 కోట్లకు పైగా ఆకారాలను లోకానికి ఉచితంగా అందించారు. 2024లో దానికి నోబెల్ గౌరవం కూడా దక్కింది. ఆ యంత్రం నేర్చుకున్నది ఎక్కడ? అనేక దేశాల విశ్వవిద్యాలయాల పరిశోధకులు 1971 నుంచి తమ ఫలితాలను దాచుకోకుండా జమచేస్తూ వచ్చిన ఉమ్మడి భాండారంలో. అయితే 2024 మేలో దాని కొత్త రూపాన్ని ప్రకటించినప్పుడు మూలసూత్రాలను బయటపెట్టలేదు. శాస్త్రవేత్తలు నిరసన తెలిపారు. ఆ నవంబరులో విద్యా పరిశోధనల వరకు వాటిని విడుదల చేశారు. ఊరి చెరువు నీటితో పండించిన పంటలో ఊరికి వాటా ఉండాలని అడగడం అత్యాశ కాదు.

ఇక ఇంధన రంగంలో ప్రశ్న మరోవైపు తిరుగుతుంది. జ్ఞానఫలం ఒకచోట, దాని భారం మరొకచోట! మన సెల్‌ఫోనులో, విద్యుత్ స్కూటరులో ఉన్న లిథియం అయాన్ బ్యాటరీకి మూలమైన పరిశోధనలకు 2019లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. పొగలేని బండి మంచిదే. కాని అలాంటి బ్యాటరీలు ఎన్నింటిలోనో వాడే కోబాల్టులో సగానికి పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచి వస్తుంది. అక్కడి చేతితవ్వకపు గనుల్లో పసిపిల్లలు కూడా పనిచేశారని హక్కుల సంఘాలు వెల్లడించాయి. 2023 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ గారు కిన్షాసాలో నిలబడి, ఆఫ్రికాను దోచుకోవడం ఆపాలని గట్టిగా పలికారు. దీనికి విరుగుడు కూడా పరిశోధనలోనే ఉంది. కోబాల్టు అవసరం లేని ఇనుప ఫాస్ఫేటు బ్యాటరీని 1990లలో కనుగొన్నది ఆ ముగ్గురిలో ఒకరైన జాన్ గుడెనఫ్ బృందమే. కృత్రిమ మేధకూ ఇదే పరీక్ష. 2024లో ప్రపంచ విద్యుత్తులో సుమారు 1.5 శాతాన్ని డేటా కేంద్రాలే వాడుకున్నాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కగట్టింది. 2030 నాటికి ఆ వాడకం రెండింతలు దాటవచ్చని చెప్పింది. విశాఖపట్నంలో పెద్ద డేటా కేంద్రం నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది కనుక, కరెంటు ఎవరిది, నీరు ఎవరిది, లాభం ఎవరిది అని అడగడం ఇక మన ఇంటి సంగతి కూడా.

జ్ఞానాన్ని అప్పగింతగా భావించినవారు మన నేల మీదనే నడిచారు. ఆస్ట్రేలియాలో ఉన్నత వైద్యవిద్య అభ్యసించిన సిస్టర్ మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చారు. మెల్బోర్నులో పేరు, సంపాదన ఆమె కోసం ఎదురుచూస్తున్నా వదులుకొని మఠకన్య అయ్యారు. ఇక్కడ రోగులకు వైద్యం చేయడంతో ఆగలేదు. స్థానిక స్త్రీలకు మంత్రసానులుగా, నర్సులుగా, కాంపౌండర్లుగా తర్ఫీదు ఇచ్చారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేశారు. ఆమె నేర్పిన విద్య ఆమెతో పాటు సమాధిలోకి వెళ్ళలేదు.

ప్రియ పాఠకులారా! మన విచారణల నుంచి ఎందరో యువతీయువకులు ఇంజనీరింగు, ఫార్మసీ, వైద్యం చదువుతున్నారు. కొందరు విదేశాల్లో పరిశోధనలు చేస్తున్నారు. జీతం ఎంత అని వారిని అడగడం మనకు అలవాటు. నీ పరిశోధన ఎవరికి మేలు చేస్తుంది, దాని భారం ఎవరు మోస్తారు అని కూడా అడుగుదాం. తలాంతుల ఉపమానంలో యజమాని మందలించినది పోగొట్టినవాణ్ణి కాదు, పాతిపెట్టినవాణ్ణి. పాపసంకీర్తనానికి ముందు మనం చేసుకునేదాన్ని కూడా ‘ఆత్మపరిశోధన’ అనే అంటాం. ప్రయోగశాలలో జరిగే పరిశోధనకు ఈ పరిశోధన తోడైనప్పుడే, సర్వేశ్వరుడు అందరి కోసం ఇచ్చిన జ్ఞానం అందరి గుమ్మానికీ చేరుతుంది.