కరేయౌ బొమ్మ ఏ కళోద్యమానికి చెందుతుంది?

పాశ్చాత్య కళా చరిత్రను ఉద్యమాల వరసలో చదవడం ఆనవాయితీ. పునరుజ్జీవనంతో మొదలై బరోక్, రొమాంటిసిజం, రియలిజం, ఇంప్రెషనిజం, క్యూబిజం, సర్రియలిజం మీదుగా నైరూప్య చిత్రకళ దాకా ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. హైదరాబాద్‌లోనైనా విశాఖపట్నంలోనైనా లలితకళల విద్యార్థి నోట్సు దాదాపు ఇదే వరసలో సాగుతుంది. ఈ వరస వెనుక ఎవరూ విడిగా చెప్పని నమ్మకం ఒకటుంది. బొమ్మ చెక్కడం, చిత్రం గీయడం అనేవి పూజకూ వైద్యానికీ వేటకూ సంబంధం లేని ప్రత్యేక వ్యాపకమనీ, దానికి సొంత చరిత్ర ఉందనీ, కళాఖండం చూడటానికే పుట్టిందనీ ఆ నమ్మకం. ఇది మనుషులందరికీ వర్తిస్తుందా, లేక ఐరోపాలో కొన్ని శతాబ్దాల్లో తయారైన ఆలోచనా అన్నది తత్వశాస్త్రానికి చెందిన ప్రశ్న. మతానికి చెందినది కూడా. ఎందుకంటే లోకంలో చాలా బొమ్మలు దేవుళ్ల కోసం, పితరుల కోసం, దయ్యాలను తరమడం కోసం చేసినవే.

ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టడానికి ఫీనిక్స్ బే తగిన చోటు. అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లోని ఈ ప్రాంతం పేరు చెప్పగానే హావ్‌లాక్ దీవి వైపు ఓడలు బయలుదేరే జెట్టీ గుర్తుకొస్తుంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వలస వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. ఊరి అధికారిక నామం 2024లో శ్రీ విజయపురంగా మారింది. భారత మానవశాస్త్ర సర్వే సంస్థ 1970ల మధ్యలో నెలకొల్పిన మ్యూజియం ఫీనిక్స్ బేలోనే ఉంది. అండమాన్ తెగల్లో ఒకటైన జరావాలు వేటకు వెళ్లేటప్పుడు ఛాతీకి కట్టుకునే బెరడు కవచం, మరో అండమాన్ తెగ ఓంగేల పనిముట్లు, నికోబారీల ఆత్మల బొమ్మలు అందులో చూడొచ్చు. ఇది కళల మ్యూజియం కాదు. ఇక్కడ వస్తువు పక్కన తెగ పేరు, దాని వాడుక ఉంటాయి. నికోబార్ బొమ్మే ఐరోపాలో వేలంపాటకు వస్తే శిల్పంగా అమ్ముడుపోతుంది. వస్తువులో మార్పేమీ లేదు, దాన్ని పెట్టిన చోటూ దాని నుంచి ఆశించేదీ మాత్రమే మారాయి.

ఆ బొమ్మల్లో ముఖ్యమైనవి మధ్య నికోబార్‌లో, నాన్‌కౌరీ చుట్టుపక్కల దీవుల్లో చేసినవి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే అది చెడ్డ ఆత్మ పనిగా భావించేవారు. మెన్లువానా అనే మంత్రవైద్యుడు వచ్చి, ఆ ఆత్మను బెదరగొట్టడానికి ఏ రూపం కావాలో చెప్పేవాడు. మనిషి రూపంలో చెక్కితే అది కరేయౌ. చెయ్యెత్తి కొట్టబోతున్నట్టు, నోరు తెరిచి అరుస్తున్నట్టు ఉంటుంది. చాలా బొమ్మల కళ్లకు గవ్వచిప్ప ముక్కలు పొదిగారు, వెలుతురు తగిలితే మెరుస్తాయి. జంతువుల రూపాలూ చెక్కేవారు. హెంతా అనే పలకల మీద సూర్యుడు, చంద్రుడు, చేపలు, ఓడలు గీసేవారు. రోగం నయమైతే ఆ బొమ్మకు ఇంట్లో చోటు దక్కేది. రోగి చనిపోతే బొమ్మకు బలం లేదని తేలినట్టే, దాన్ని అడవిలో పారేసేవారు. 1869 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఈ దీవుల్లో ఉద్యోగం చేసిన ఇ. హెచ్. మాన్ వీటి వివరాలు రాసి, వస్తువులు సేకరించి ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియానికి పంపాడు. కొన్ని అంతకు ముందే వేరే దారుల్లో ఐరోపాకు చేరాయి. నికోబార్ మీద డెన్మార్క్ హక్కు చాటుకుంది, 1858లో ఆస్ట్రియా నౌక నొవారా ఇక్కడ ఆగింది.

కరేయౌ మంచిదా కాదా అని తేల్చేది రోగి ఒంట్లోని జ్వరం. చెక్కడంలో నేర్పు లేదని కాదు. బెదిరించడం దాని పని కాబట్టి, చూడగానే గుండె ఝల్లుమనాలి. ఆ బలం కోసమే చెక్కేవాడు తన నేర్పంతా పెట్టాడు. కాంట్ 1790లో ప్రచురించిన గ్రంథంలో సౌందర్య నిర్ణయానికి ఏ స్వప్రయోజనమూ అంటకూడదన్నాడు. ఆ కొలతతో చూస్తే కరేయౌ కళ కాదు. మరి ఇదే కొలతతో ఐరోపా బొమ్మలను చూస్తే ఏమవుతుంది?

రఫాయెల్ 1512 ప్రాంతంలో గీసిన సిస్టీన్ మడోనాను చూస్తే జవాబు తెలుస్తుంది. ఇటలీలో పియాచెంజా పట్టణంలోని సాన్ సిస్టో చర్చి బలిపీఠం కోసం గీసిన చిత్రమది. అక్కడ రెండు శతాబ్దాలకు పైగా భక్తులు దాని ఎదుట ప్రార్థన చేశారు. 1754లో సాక్సనీ పాలకుడు మూడో ఆగస్టస్ దాన్ని కొని డ్రెస్డెన్ తీసుకెళ్లాడు. అప్పటి నుంచి దాని ముందు మోకరిల్లినవాళ్లు అరుదు. వెనక్కి నాలుగడుగులు వేసి కూర్పునూ రంగునూ మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. దానికి ముందే మతసంస్కరణ ఉద్యమం ఈ దారి వేసింది. 1520లలో జ్యూరిక్‌లో చర్చిల నుంచి బొమ్మలు తీయించారు, 1566లో నెదర్లాండ్స్‌లో జనం వాటిని పగలగొట్టారు. చర్చి ఆదరణ పోయిన చోట చిత్రకారుడు బజారును నమ్ముకున్నాడు. డచ్ నిశ్చల చిత్రాలు, ప్రకృతి దృశ్యాలు అంతగా వర్ధిల్లడానికి ఇదొక కారణం. 1793లో లూవ్ర్ మ్యూజియంగా తెరుచుకుంది. చర్చి సొత్తుగా ఉన్న పటాలు జాతి సొత్తుగా గోడలకెక్కాయి. ఎంత గొప్ప బొమ్మను చూసినా ఇక మోకాలు వంగదని హెగెల్ 1820లలో బెర్లిన్ ఉపన్యాసాల్లో చెప్పాడంటే, తన కళ్లెదుట జరిగిపోయిన మార్పునే గుర్తించాడు. జర్మన్ పండితుడు హాన్స్ బెల్టింగ్ 1990లో వెలువరించిన గ్రంథంలో ఈ విభజన స్పష్టంగా ఉంది. పునరుజ్జీవనానికి ముందు యుగాన్ని ఆయన బొమ్మల యుగమన్నాడు, కళాయుగం ఆ తరువాతిది. అంటే ఉద్యమాల వరస మొత్తం ఈ రెండో యుగపు సంగతి. దాని ముందున్న వేల ఏళ్లకు ఆ చట్రం సరిపోదు.

అయితే బలిపీఠం నుంచి దిగివచ్చిన కళ మతాన్ని పూర్తిగా వదులుకోలేదు. పాఠ్యపుస్తకాలు శైలి మార్పులుగా చెప్పే చాలా ఘట్టాల లోపల పోయినదాన్ని వెతుక్కునే ఆరాటం ఉంది. చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911 చివర్లో కళలో ఆధ్యాత్మికతపై పుస్తకమే తెచ్చాడు. మరుసటి ఏడు ఫ్రాంజ్ మార్క్‌తో కలిసి మ్యూనిక్‌లో తెచ్చిన బ్లూ రైడర్ సంకలనంలో బవేరియా గ్రామీణుల గాజు పటాలు, సముద్రాల అవతలి దీవుల కొయ్య శిల్పాలు, ఎల్ గ్రెకో చిత్రం ఒకే పుస్తకంలో కలిసిపోయాయి. 1915లో పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో చిత్రకారుడు మలేవిచ్ తన నల్ల చదరాన్ని రెండు గోడలు కలిసే పైమూలలో వేలాడదీశాడు. రష్యన్ ఇళ్లలో పవిత్ర పటాలు పెట్టేది ఆ మూలలోనే. గూట్లో దేవుణ్ణి పెట్టుకునే తెలుగు ఇంటివాళ్లకు ఆ చర్య బలం వెంటనే అందుతుంది. అక్కడ ఉన్నది ఒట్టి నల్ల రంగే, కానీ ఉన్న చోటు దాన్ని వేరే విధంగా చూడమంటోంది.

పికాసో ఉదంతం ఫీనిక్స్ బేకి మరీ దగ్గరిది. 1907లో ఆయన పారిస్‌లోని ట్రోకడేరో మానవజాతి మ్యూజియానికి వెళ్లి ఆఫ్రికా, ఓషియానియా ముఖోటాలు చూశాడు. అవి మిగతా శిల్పాల్లాంటివి కావనీ, అపాయకరమైన శక్తుల నుంచి మనిషిని కాపాడే ఆయుధాలనీ తనకు తోచిందని చాలా ఏళ్ల తరువాత రచయిత ఆంద్రే మాల్రోతో అన్నాడు. అదే ఏడు గీసిన అవిన్యోన్ యువతుల చిత్రాన్ని దయ్యం వదిలించే చిత్రంగా చెప్పుకున్నాడు. కరేయౌ గురించి మెన్లువానా చెప్పే మాటకూ దీనికీ తేడా బహు తక్కువ. కానీ పాఠ్యపుస్తకంలోకి వచ్చేసరికి ఈ సంగతి ముఖాన్ని కోణాలుగా విరగ్గొట్టే పద్ధతిగా, క్యూబిజం తొలి మెట్టుగా మిగిలింది. 1984లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆదిమ కళకూ ఆధునిక కళకూ పోలికలు చూపుతూ పెద్ద ప్రదర్శన పెట్టింది. పాశ్చాత్య చిత్రకారులకు పేర్లు, తేదీలు ఉండగా, రెండో వైపు చాలా వస్తువులకు అవేవీ లేవు. అవి ఏ పూజలో వాడినవో చెప్పలేదని విమర్శకుడు థామస్ మెకెవిలీ గట్టిగా నిలదీశాడు. ఆ విమర్శ న్యాయమైనదే. రూపాన్ని తీసుకుని నమ్మకాన్ని వదిలేస్తే ఆ వస్తువు గురించి తెలిసేది సగమే.

నికోబార్ బొమ్మలు ఇక్కడ మరో చిక్కు తెచ్చిపెడతాయి. కొన్ని కరేయౌల తలపై ఐరోపా టోపీ ఉంటుంది. పడవల్లో వచ్చే పరదేశుల టోపీకి, వాళ్ల ఓడకు గొప్ప బలం ఉందని గ్రహించి, ఆ బలాన్ని దయ్యం మీదికి తిప్పారు నికోబారీలు. ఐరోపా కళాకారులు బయటి గాలి సోకని ఆదిమ రూపం కోసం వెతుకుతున్న రోజులకు ముందే ఈ దీవులవాళ్లు ఐరోపా రూపాన్ని తీసుకుని తమ పనికి వాడుకున్నారు. ఆఫ్రికా ముఖోటా నుంచి పికాసో తీసుకుంటే దాన్ని ఉద్యమం అంటున్నాం. టోపీని నికోబారీ తీసుకుంటే సంప్రదాయం చెడిందనడం తప్పు. రెండూ ఒకే కోవకు చెందిన పనులు. కళా చరిత్రలో ప్రభావం అనే అధ్యాయం రాయాల్సివస్తే నాన్‌కౌరీకీ అందులో చోటుండాలి.

ఓంగేల దేహచిత్రణ ఇంతకంటే లోతైన పరీక్ష. తెల్లమట్టిని నీళ్లతో కలిపి, స్త్రీలు భర్తల ముఖం మీదా ఒంటి మీదా వేళ్లతో గీతలు తీస్తారు. అండమాన్‌లో 1906-08 మధ్య పరిశోధన చేసిన మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్, 1922లో వచ్చిన తన గ్రంథంలో గ్రేట్ అండమానీల మట్టి పూతల గురించి రాశాడు. పంది, తాబేలు వంటి మాంసం తిన్నాక వచ్చే వాసన ఆత్మలను రప్పిస్తుందనీ, మట్టి ఆ వాసనను అడ్డుకుంటుందనీ వాళ్లు చెప్పారట. ఓంగేల మధ్య ఉండి రాసిన విశ్వజిత్ పాండ్య కూడా వాళ్ల లోకంలో మనిషికీ ఆత్మలకూ నడిచే వ్యవహారమంతా వాసన చుట్టూ తిరుగుతుందని చూపాడు. ఇక్కడ కంటికి కనిపించే గీత ముక్కు కోసం చేసిన ఏర్పాటు. దృశ్యకళ అనే శాస్త్రానికి ఇది మింగుడుపడదు. పైగా అది వాన తగిలితే పోతుంది. మ్యూజియం మట్టిని దాచగలదు, ఫొటో పెట్టగలదు, పూతను పెట్టలేదు. 1890లలో బ్రిటిష్ అధికారి ఎం. వి. పోర్ట్‌మన్ అండమానీలను నలుపు తెలుపు గళ్ల తెర ముందు నిలబెట్టి ఫొటోలు తీశాడు. గళ్లు శరీర కొలతల కోసం. పూత అందులో దానంతటది పడిందే తప్ప, దాని కోసం తీసిన ఫొటోలు కావవి.

వస్తువు నిలవడమే విలువ అనే భావన తెలుగువాళ్లకూ సహజం కాదు. వినాయక చవితికి మట్టితో చేసిన మూర్తికి ప్రాణప్రతిష్ఠ చేసి, ఉద్వాసన చెప్పి, నీళ్లలో కలుపుతారు. ఎంత బాగా చేసినా దాన్ని దాచరు. గుడిలో మూలవిరాట్టు భిన్నమైతే పూజకు పనికిరాదు, శిల్పం ఎంత గొప్పదన్న ప్రశ్న అప్పుడు రాదు. ఎదురుదారిలో సాగిన కథ అమరావతి బౌద్ధ స్తూపానిది. 1797లో కాలిన్ మెకంజీ కంటబడిన ఆ స్తూపం నుంచి 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు, అక్కడి నుంచి కొన్ని లండన్‌కు చేరి, 1880లో బ్రిటిష్ మ్యూజియం పాలయ్యాయి. ప్రదక్షిణ చేస్తూ చూడాల్సిన ఫలకాలను ఒకచోట నిలబడి చూడాల్సివస్తోంది. శిల్పశైలి తెలుస్తుంది, నడకలో విప్పుకునే కథ తెలియదు.

ఈ వాదం మ్యూజియాన్ని తప్పు పట్టడానికి కాదు. నికోబార్‌లో చాలామంది క్రైస్తవంలోకి మారారు. 2004 డిసెంబర్ 26 సునామీ మధ్య నికోబార్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. ఇళ్లలో మిగిలిన పాత బొమ్మలకూ అదే గతి పట్టింది. ఫీనిక్స్ బేలో ఉన్నవి లేకపోతే ఆ తెగల పిల్లలకు తమ తాతల చేతిపని చూసే వీలు ఇంకా తగ్గిపోయేది.

కళను పరిశోధించేవాళ్లు కూడా ఈ మధ్య దశాబ్దాల్లో ప్రశ్నను మార్చారు. బొమ్మ ఏ శైలిది అని అడిగే ముందు, అది మనుషుల మీద ఏం పని చేస్తుందో అడగాలన్నాడు మానవశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ జెల్. 1998లో, ఆయన మరణానంతరం వెలువడిన గ్రంథంలో విగ్రహాలు, ఓడల ముందు చెక్కడాలు, ఆధునిక చిత్రాలు ఒకే కొలతతో చూడదగ్గవయ్యాయి. ఈ పద్ధతిలో కరేయౌకూ సిస్టీన్ మడోనాకూ ఒకే అధ్యాయంలో చోటు దొరుకుతుంది, ఏదీ మరొకదానికి తొలి మెట్టు కానక్కర్లేదు. ఉద్యమాల చరిత్ర చదివే తెలుగు విద్యార్థికి ఇదే మెరుగైన దారి. దీనికీ ఒక హద్దుంది. బొమ్మకు శక్తి ఉన్నట్టు మనుషులు భావిస్తారన్నది జెల్ మాట. బొమ్మకు శక్తి ఉందన్నది మెన్లువానా మాట, పియాచెంజా భక్తుడి మాట, ప్రాణప్రతిష్ఠ చేసే అర్చకుడి మాట కూడా అదే. మొదటి మాటను కళా చరిత్ర ఆధారాలతో నిరూపించగలదు. రెండో మాట నిజమో కాదో చెప్పే సాధనం దాని దగ్గర లేదు, అక్కడి నుంచి విచారణ వేదాంతానిది.