అర మిల్లీలీటరు భిక్ష

ఎండీ పీడియాట్రిక్స్‌లో చేరిన పీజీలు కొద్ది నెలల్లోనే థీసిస్ ప్రొటోకాల్ ఇచ్చెయ్యాలి. అప్పటికింకా వాళ్లకు నెలలు నిండని బిడ్డకు ఐవీ లైన్ పెట్టడమే చేతికి పట్టుబడి ఉండదు. రాత్రి డ్యూటీ దిగి, ఎర్రబడ్డ కళ్లతో నా గదికి వచ్చి ఏటా అడిగేది ఒకటే: "మేడమ్, త్వరగా కేసులు దొరికే టాపిక్ ఏదన్నా చెప్పండి."

వాళ్లను తప్పుపట్టను. మూడేళ్ల చదువులో నిద్రకే తీరికుండదు. పైగా థీసిస్ ఒక్కటే కాదు. పరిశోధన పద్ధతుల మీద ఆన్‌లైన్ కోర్సు పాసవ్వాలి, సదస్సులో పోస్టరో పేపరో చూపించాలి, లేదా పత్రికలో ఒక వ్యాసమన్నా రావాలి. అవకాశాలనండి, షరతులనండి, అన్నీ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) థీసిస్‌లకు డబ్బు సాయం కూడా చేస్తుంది. వీటన్నిటి నడుమ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మాకు దొరకాల్సింది జబ్బుపడ్డ పిల్లలు. ఆ బిడ్డకు ఏ మేలూ జరగకపోయినా, ఎప్పుడో పుట్టబోయే ఇంకో బిడ్డ కోసం వాడి ఒంట్లోంచి రక్తం తీసే హక్కు మనకెక్కడిది?

పెద్దవాడైతే తన సంగతి తను చెప్పుకుంటాడు. ఐసీఎంఆర్ నియమాల ప్రకారం ఏడేళ్లు నిండిన పిల్లల్ని నోటిమాటగానైనా అడగాలి, పన్నెండు నిండితే వాళ్ల సమ్మతి కాగితం మీద ఉండాలి. ఇంక్యుబేటర్లో ఉన్న కిలో బిడ్డను ఏమని అడుగుతాం? వాడి ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా 80, 90 మిల్లీలీటర్లు. టీకొట్టు గ్లాసుడు. అందులోంచి అర మిల్లీలీటరు ఎక్కువ తియ్యాలన్నా చెయ్యి తడబడాలి.

ఆ మధ్య మా రెండో ఏడు పీజీ ఒకతను నవజాత శిశువుల ఐసీయూ వరండాలో కోనసీమ నుంచి వచ్చిన ఒక అమ్మమ్మకు తన స్టడీ గురించి వివరిస్తున్నాడు. రౌండ్స్‌కు వెళ్తూ ఆగాను. ఆవిడ చీర కొంగు నడుముకు దోపుకుని, కాగితం వంక కాకుండా అతని మొహం వంకే చూస్తోంది.

"ఈ రక్తం తీత్తే మా బుడ్డోడికేవన్నా నయమవుద్దా బాబూ?"

"లేదమ్మా. వాడికి చెయ్యాల్సిన వైద్యం ఎలాగూ చేస్తాం. మీరు వద్దన్నా చేస్తాం. ఇది తర్వాత పుట్టే పిల్లల కోసం."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "మరి ఈడికన్నా ముందు పుట్టినోళ్లు ఈడి కోసం ఏవన్నా ఇచ్చారా?"

అతను నా వైపు చూశాడు. "ఇచ్చారమ్మా, చాలామంది" అన్నాను. ఆవిడ పోస్ట్‌నేటల్ వార్డుకు వెళ్లి కూతురితో మాట్లాడి వచ్చింది. తల్లి సంతకం పెట్టింది.

ఎవరేమిచ్చారో ఆవిడకు పూర్తిగా చెప్పాలంటే ఆ పూట చాలదు. 1940లలో నెలలు నిండని బిడ్డలకు ఆక్సిజన్ ధారాళంగా పెట్టేవారు. ప్రేమతోనే పెట్టారు. పదేళ్లు తిరిగేసరికి ప్రపంచంలో సుమారు 10,000 మంది పసివాళ్లకు చూపు పోయింది. వాషింగ్టన్‌లోని గాలింజర్ ఆసుపత్రిలో కంటి విభాగంలో రెసిడెంటుగా ఉన్న ఆర్నల్ పాట్జ్‌కు ఆక్సిజన్ మీదే అనుమానం వచ్చింది. పరీక్షించి చూద్దామంటే పెద్దలు వారించారు, ఊపిరాడక బిడ్డలు చస్తారన్నారు. చివరకు స్టడీ మొదలైంది. కొందరు నర్సులు మాత్రం తక్కువ ఆక్సిజన్ పెట్టిన బిడ్డల్ని చూసి మనసు ఒప్పక, రాత్రిళ్లు ఎవరూ లేనప్పుడు మళ్లీ పెంచేసేవారు. ఆ తర్వాత 1953లో 18 ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనంతో పాట్జ్ అనుమానం నిజమని తేలింది.

నన్ను ఆలోచింపజేసేది ఆ నర్సులే. వాళ్లది నిండు దయ. ఆ చేత్తోనే కళ్లు పోతున్నాయని వాళ్లకు తెలీదు. ఆ తర్వాత లోకమంతా భయపడి ఆక్సిజన్ మరీ తగ్గించేస్తే, ఇంకొన్ని ప్రాణాలు ఆ వైపు నుంచి పోయాయి.

ఇది పాత సంగతి అనుకోవద్దు. పుట్టగానే ఏడవని బిడ్డ మెదడును కాపాడటానికి ఒళ్లు చల్లబరిచే వైద్యం సంపన్న దేశాల్లో మేలు చేసింది. మన దగ్గరా చేస్తుందనుకున్నాం. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది బిడ్డల మీద చేసిన హెలిక్స్ పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. చల్లబరిచిన వాళ్లలో 42 శాతం, మామూలు వైద్యం పొందినవాళ్లలో 31 శాతం చనిపోయారు. ఆ పరీక్షే జరక్కపోతే మేలు చేస్తున్నామన్న నమ్మకంతోనే చల్లబరుస్తూ ఉండేవాళ్లం.

తెలుగువాళ్లకు బాగా దగ్గరి కథ ఇంకొకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ జాతి మందుల్ని లుకీమియా పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ముదిరినట్టు కనిపించింది. పెంచేది ఫోలిక్ ఆమ్లమైతే, దాన్ని అడ్డుకునేది ఇస్తేనో? సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లల్లో 10 మంది తేరుకున్నారని 1948లో ఫార్బర్ ప్రచురించారు. అది కొన్నాళ్ల ముచ్చటే, జబ్బు తిరగబెట్టింది. ఇవాళ మా వార్డులో అమినోప్టెరిన్ వంశపు మెథోట్రెక్సేట్ తీసుకుని బడికి వెళ్లే పిల్లవాడు ఆ పిల్లలకు బాకీ.

బాకీ నిజంగా పిల్లవాడిదేనా? అక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. "ముందువాళ్లు ఇచ్చారు గనుక నువ్వూ ఇవ్వు" అనడం చాలా సులువు. పసివాడు ఏ అప్పూ చెయ్యలేదు, ఏ పత్రం మీదా వేలిముద్ర వెయ్యలేదు. ఆ జ్ఞానంతో జీతం, పేరు, డిగ్రీ తెచ్చుకుంటున్నది వైద్యుడు. మనిషి మూడు ఋణాలతో పుడతాడని, వాటిలో ఋషి ఋణం చదువుతో తీరాలని మన శాస్త్రాలు చెబుతాయి. మా వృత్తిలో ఆ ఋషులు ఎక్కువమంది మాటలు రాని పసివాళ్లు. ఋణగ్రస్తులం మేమే.

అప్పున్నది మాకైనప్పుడు తల్లి ముందు మేము నిలబడాల్సింది బ్రహ్మచారిలా. ఉపనయనంలో వటువు మొదటి భిక్ష తల్లినే అడుగుతాడు. ఆ భిక్షకు నియమాలున్నాయి. ఇల్లాలు లేదంటే కోపం తెచ్చుకోకూడదు. అవసరానికి మించి అడగకూడదు. తెచ్చింది గురువు ముందు పెట్టాలి, దారిలో తినెయ్యకూడదు.

థీసిస్‌కు ఇంతకన్నా మంచి నియమావళి నాకు తెలీదు. వద్దన్న తల్లి బిడ్డకు వైద్యంలో వీసమెత్తు తేడా రాకూడదు. ఎలాగూ తీసే రక్తంలోంచే కొంచెం వాడుకుంటే సరిపోయే చోట మళ్లీ సూది గుచ్చకూడదు. శాంపిల్ సైజు లెక్క ప్రకారం ఎంతమంది కావాలో అంతమందే, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. తక్కువైతే జవాబు రాదు, అడిగిన భిక్షంతా వృథా.

అన్నిటికన్నా ముందు, ప్రశ్నకు జవాబు మనకు నిజంగా తెలియకపోవాలి. ప్రశ్నోపనిషత్తులో సుకేశుడు, ఒక రాజకుమారుడు తనను అడిగిన ప్రశ్నకు జవాబు తెలియదని ఒప్పుకుని, తర్వాత తనే ఆ ప్రశ్నను పిప్పలాదుడి దగ్గరకు తీసుకెళతాడు. అదీ పద్ధతి. పుస్తకంలో ఎప్పుడో తేలిపోయిన సంగతిని, కేసులు త్వరగా దొరుకుతాయి గదా అని మళ్లీ వంద మంది పిల్లల మీద తేల్చడం అజ్ఞానం కూడా కాదు, దొంగతనం.

మిగిలింది గురువు ముందు పెట్టడం. బైండింగ్ చేయించి, యూనివర్సిటీకి పంపి, వైవా అవగానే అలమరలో బీగం వేసిన థీసిస్‌లు ఈ దేశంలో కోకొల్లలు. ఇక్కడ గురువంటే గైడు కాదు, ఆ వైద్యం రేపు ఎవరెవరు చేస్తారో వాళ్లందరూ. అనుకున్న ఫలితం రాకపోయినా సరే, మందు పనిచెయ్యలేదని తేలినా సరే, బయటికి చెప్పి తీరాలి. పనిచెయ్యలేదన్న కబురుతో కూడా బిడ్డలు బతుకుతారని హెలిక్స్ చూపించింది.

అందుకే ఇప్పుడు టాపిక్ కోసం వచ్చిన పీజీని తిరిగి మూడు అడుగుతాను. దీనికి జవాబు నిజంగా ఎవరికీ తెలీదా? వద్దన్న తల్లి మొహం మర్నాడు రౌండ్స్‌లో మామూలుగా చూడగలవా? ఫలితం నీకు నచ్చకపోతే రాస్తావా? మూడింటికీ జవాబున్నవాడికి ఏ టాపిక్ అయినా ఇస్తాను. లేనివాణ్ణి ఇంకో వారం వార్డులో తిరిగి రమ్మంటాను. ప్రొటోకాల్ గడువు దాటితే యూనివర్సిటీకి జవాబు నేను చెప్పుకుంటాను.