తాత పేరు పక్కన ఉన్న మాట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు మూలాలున్న వాళ్లు కుటుంబ చరిత్ర తవ్వడం మొదలుపెడితే, మూడు తరాలు వెనక్కి పోయేసరికి ఏదో ఒక మాట దగ్గర ఆగిపోతారు. పాత కాగితంలో ఫసలీ 1340 అని ఉంటే దానికి 590 కలిపి 1930-31 అని లెక్క కట్టొచ్చు. ముత్తాత పేరు పక్కన వ్యవసాయం అనో, చేనేత అనో ఉంటే ఇబ్బంది లేదు. నీరడి అని ఉన్నా ఎవరినైనా అడిగితే తెలుస్తుంది: చెరువు తూము చూసుకుంటూ ఎవరి మడికి ఎంత నీరో పంచేవాడు. సేత్‌సింధి అని ఉంటేనే చిక్కు.

సింధి అనగానే సింధ్ నుంచి వలస వచ్చారేమో అనిపిస్తుంది. నిజాం కాలంలో కల్లుని సేంధి అనేవాళ్లు కాబట్టి కల్లు పని అయ్యుంటుందనీ అనిపిస్తుంది. రెండూ కావు. మరాఠీలో శేత్ అంటే పొలం. సనద్ అంటే సర్కారిచ్చే హక్కు కాగితం. కాపలా చాకిరీకి బదులుగా పొలం పొందినవాడు శేత్‌సనదీ. మరాఠా రాజ్యంలో అది కోటల్నీ ఊళ్లనీ కాచే బంటు పేరు. తెలుగు నోళ్లలో అరిగి సేత్‌సింధి అయ్యింది.

కానీ మాట పుట్టుక తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదు. తెలంగాణ ఊళ్లో సేత్‌సింధి అంటే పోలీసు పటేలు కింద మనిషి. చావడికి రమ్మని రైతుల్ని పిలవాలి. తాలూకా కచేరీకి కాగితాలు మోయాలి. అధికారి ఊళ్లో దిగితే కావాల్సినవన్నీ సమకూర్చాలి. అందుకోసం ఎవరి ఇంటినుంచి కోడి, ఎవరి ఇంటినుంచి మనిషి రావాలో అక్కడికి వెళ్లి తలుపు కొట్టాలి. అంటే వెట్టికి పిలిచేవాడు. తనకి దక్కేది కూడా నామమాత్రమే. పటేలు కేకేస్తే అర్ధరాత్రయినా లేవాలి. తనూ ఒక రకంగా వెట్టిలో ఉన్నవాడే.

ఇక్కడే ప్రశ్న మొదలవుతుంది. ఇప్పుడు హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉన్న మునిమనవడు వంశవృక్షంలో ఆ గడిలో ఏం రాయాలి? "గవర్నమెంటు ఉద్యోగి" అని రాయొచ్చు. అబద్ధం కాదు. "వెట్టి బాధితుడు" అని రాయొచ్చు. అదీ అబద్ధం కాదు. కానీ మొదటిది చదివితే గర్వం వస్తుంది, రెండోది చదివితే జాలి వస్తుంది. రెండిట్లోనూ, తలుపు తీసిన ఇంటివాళ్లు కనపడరు.

పేర్లని మార్చి చెప్పడం ఎంత సులువో చూడాలంటే మునగాల దాకా పోతే చాలు. కోదాడ పక్కనే ఉన్న మునగాల పరగణా, చుట్టూ నిజాం నేల ఉన్నా, మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా కింద ఉండేది. 1959లో గానీ నల్లగొండ జిల్లాలో కలవలేదు. ఇటు పటేలు, పట్వారీ, సేత్‌సింధి. అటు మునసబు, కరణం, తలారి, వెట్టి. అవును, అటువైపు వెట్టి అనేది గ్రామ సేవకుడి ఉద్యోగం పేరు కూడా. ఇటువైపు అదే మాట మీద 1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం ప్రచారం చేయాల్సి వచ్చింది. 1923లో నిజాం ఫర్మానా దాన్ని నిషేధించాల్సి వచ్చింది. అయినా ఆగలేదు. చివరికి 1946లో సాయుధ పోరాటం దాకా పోయింది. కొన్ని మైళ్ల దూరంలో ఒకచోట ఉద్యోగం, ఒకచోట బానిసత్వం. నిఘంటువు చూసి తాతని అర్థం చేసుకుందామనుకునే వాళ్లు ఈ దూరాన్ని దాటలేరు.

మరి అర్థం ఎక్కడుంది? నాకు తోచినంతలో, వృత్తికి అర్థం చేసినవాడి ఇంట్లో సగమే ఉంటుంది. మిగతా సగం, ఆ పని ఎవరి మీద జరిగిందో వాళ్ల ఇంట్లో ఉంటుంది. మన ఇంట్లో "పాపం, తాత రాత్రీ పగలూ తిరిగేవాడు" అని చెప్పుకునే కథే, ఇంకో వాడలో "వాడొచ్చిండంటే పనికి పోవాల్సిందే" అని చెప్పుకునే కథ. కుటుంబ చరిత్రతో పేచీ ఏమిటంటే, అది ఒక్క కుటుంబం చరిత్ర.

ఇటలీ రచయిత ప్రీమో లెవీ నాజీ శిబిరాల గురించి 1986లో వేసిన పుస్తకంలో, ఖైదీలుగా ఉంటూనే తోటి ఖైదీల మీద కాస్త అధికారం దొరికిన వాళ్లున్న చోటుని గ్రే జోన్ అన్నాడు. ఆ నరకాన్ని మన ఊరి చావడితో పోల్చలేం. కానీ ఆయన హెచ్చరిక పనికొస్తుంది: వాళ్ల మీద తీర్పు చెప్పే ముందు, అలాంటి చోటుని తయారుచేసిన వాళ్లెవరో చూడాలి. దేశ్‌ముఖ్, దేశ్‌పాండే కూడా ఒకప్పటి కొలువుల పేర్లే, శిస్తు వసూలు, లెక్కల కొలువులు. వాటి అర్థం కోసం ఎవరూ తంటాలు పడరు. అవి ఇంటిపేర్లయ్యాయి, గడీలయ్యాయి. అర్థం కాకుండా పోయింది కింది మెట్టు మీద ఉన్నవాడి పేరే. తలుపు కొట్టిన చెయ్యి ఊరికి గుర్తుంటుంది. కొట్టమన్న నోరు గడీలోపల ఉంటుంది.

అలాగని తాతని పూర్తిగా వదిలెయ్యలేం. పటేలు చెప్పాడు కాబట్టి చేశాడు అంటే, ఆయన్ని మనిషిగా కాక చేతికర్రగా చూసినట్టే. ఆ ఊళ్లలో పిలుపుని కాస్త ఆలస్యంగా చేరవేసిన వాళ్లూ ఉండి ఉంటారు, పటేలు అడిగినదానికంటే ఒక కోడి ఎక్కువ పట్టుకెళ్లిన వాళ్లూ ఉండి ఉంటారు. ఒకే పేరు కింద ఇద్దరూ ఉంటారు. మన తాత ఏ రకమో కాగితం చెప్పదు.

ఆయన చేసినదానికి మనం దోషులం కాము. ఆయన పడ్డదానికి మనకి గొప్పా రాదు. మన వంతుకి వచ్చేది చెప్పే బాధ్యత ఒక్కటే. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. గ్రామ సేవకులు వీఆర్ఏలయ్యారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థనీ రద్దు చేసి వాళ్లని వేరే శాఖల్లో సర్దింది. పేర్లు మారుతూనే ఉంటాయి. కాబట్టి ఆ గడిలో మాటని మార్చకుండా సేత్‌సింధి అనే రాయడం మేలు. దాని కింద ఇంకో రెండు వరుసలకి చోటు ఉంచాలి: ఈయన్ని ఎవరు పిలిచేవాళ్లు, ఈయన ఎవరిని పిలిచేవాడు. మొదటిది మన ఇంట్లో అడిగితే దొరుకుతుంది. రెండోదాని కోసం ఆ ఊరికి పోయి, మన బంధువులు కానివాళ్ల గుమ్మం ముందు నిలబడాలి.