ముందు నేల, తర్వాత వేగం

ఈత, సైకిల్, పరుగు. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా పూర్తి చేసే పోటీ ట్రయాథ్లాన్. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ అనే ట్రయాథ్లాన్ పోటీ సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో ఉంటుంది. అది అయిపోయాక మళ్లీ పోటీకి బోలెడు నెలలు. కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి అదే మంచి కాలం.

పంట లేని రోజుల్లో రైతు పొలాన్ని వదిలెయ్యడు. వేసవి దుక్కి దున్నుతాడు. విత్తనం తర్వాత. ముందు నేల.

మీరూ అంతే. నెమ్మదిగా పరుగెత్తండి. ఎంత నెమ్మదిగా? పక్కవాళ్లతో కబుర్లు చెప్పగలిగేంత. ఆయాసంతో మాట తెగుతోందా, తగ్గించండి. ఊపిరి త్వరగానే అలవాటు పడుతుంది. మోకాళ్లూ మడమలూ అంత త్వరగా గట్టిపడవు. ఉత్సాహవంతులకు దెబ్బ తగిలేది అక్కడే. అందుకే, వేగం తర్వాత. ముందు నేల.

ఈత సంగతి వేరు. అక్కడ బలం కన్నా పద్ధతి ముఖ్యం. ముఖం నీళ్లలో ఉన్నప్పుడు ఊపిరి వదలాలి. తల పక్కకు తిప్పినప్పుడు పీల్చాలి. కొత్తవాళ్లు చాలామంది నీళ్లలో ఊపిరి బిగబడతారు. కాసేపటికే రొప్పుతారు. మంచి కోచ్ దగ్గర ఇదొక్కటి కుదిరినా ఈ నెలలు దండగ కావు.

ఖరీదైన సైకిల్ కోసం అప్పుడే అంగడికి పరుగెత్తకండి. ఇంట్లో ఉన్నదానికి గాలి కొట్టించి, బ్రేకులు చూపించండి. హెల్మెట్ మాత్రం కొత్తది కొనండి.