ఎవరింటికి పోతున్నవు బిడ్డా?

నా స్నేహితురాలొకామె వీపుకి సంచీ తగిలించుకుని దక్షిణ మెక్సికో అంతా ఆరువారాలు ఒంటరిగా తిరిగొచ్చింది. వహాకా పక్కన కొండమీది మోంటే ఆల్బాన్ శిథిలాలు, చియాపాస్ అడవుల్లోని పాలెంకే, స్పెయిన్ వాళ్ళు కట్టిన సాన్ క్రిస్తోబాల్ వీధులు, చివరికి పసిఫిక్ తీరం. వచ్చాక రెండు రాత్రులు కూచుని ఫోటోలు చూపించింది. వాటన్నిటి మధ్యా నన్ను పట్టుకున్నది ఆమె తీసిన ఫోటో కాదు, అక్కడ కొనుక్కొచ్చిన ఒక కార్డు. నీళ్ళ నడుమ నడుములోతు మునిగి నిలబడ్డ పాత చర్చి. కెచులా అనే చోట 16వ శతాబ్దంలో కట్టింది. 1966లో గ్రిహాల్వా నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట వెనక నీళ్ళలో మునిగిపోయింది. కరువొచ్చి నీళ్ళు బాగా తగ్గితే మళ్ళీ బయటపడుతుంది. 2015లో అలా తేలినప్పుడు చేపలు పట్టేవాళ్ళే తమ పడవల్లో జనాన్ని ఎక్కించుకుని తీసుకెళ్ళి చూపించారు.

"ఎంత బాగుందో కదూ" అంది. బాగుంది. ఆ మాట పైకి అనలేకపోయాను. మాది నాగర్‌కర్నూల్ జిల్లా. మా అమ్మమ్మ ఊరు కృష్ణ అడుగున ఉంది.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1981 వేసవిలో ‘ఆపరేషన్ డిమాలిషన్’ అని పేరుపెట్టి మరీ ఊళ్ళను ఖాళీ చేయించారు. అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు, సుమారు లక్షమంది మనుషులు. ఈ లెక్కలు నాకు పుస్తకాల ద్వారా తెలిసినవి. ఇంట్లో తెలిసింది వేరు. ఆ ఏడు మా అమ్మకు పదహారేళ్ళు. ఇల్లు పోకముందే ఆ వాకిట్లో పందిరి వెయ్యాలని తాత పట్టుబట్టి ఆమె పెళ్ళి చేసేశాడు. పదో తరగతి పరీక్ష రాసిన రెండు నెలలకు. ముంపులో పోయినవాటి జాబితా ఎవరైనా రాస్తే అందులో అమ్మ చదువు ఉండదు.

నేను యాత్రాసాహిత్యం మీద పిహెచ్.డి. చేశాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన కాశీయాత్ర నుంచి నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ దాకా చదివాను. మగవాళ్ళ యాత్రల్లో ఆడవాళ్ళు సామానుతో పాటు కదిలే మనుషులుగా మిగలడం గురించీ, ఆడవాళ్ళే రాసినప్పుడు చూపు ఎలా మారుతుందన్న దాని గురించీ ఒక అధ్యాయం రాశాను. మొదటి పేజీల్లోనే యాత్రకు నిర్వచనం ఇచ్చుకున్నాను: తన ఇష్టంతో బయల్దేరి, చూసి, తిరిగివచ్చి, చూసినదాన్ని చెప్పడం. వైవాలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ నిర్వచనం ప్రకారం మా అమ్మమ్మ ఎద్దుల బండి మీద రోళ్ళూ, గడపా, దూలాలూ వేసుకుని మెరకకు కదలడం యాత్ర కాదు. ఏటా దసరా వెళ్ళాక మా ఊళ్ళ నుంచి గుంపు మేస్త్రీల వెనక బొంబాయికీ పుణేకీ పోయే వాళ్ళ ప్రయాణమూ యాత్ర కాదు. వీరాస్వామయ్య పల్లకీ మోసిన బోయీలదీ కాదు. ఆయన నడిచాడని మనం అనుకునే దారి వాళ్ళ కాళ్ళ కింద నడిచింది. వాళ్ళూ అవే నదులు దాటారు, అవే గోపురాలు చూశారు. కానీ పుస్తకం ఒక్కటే వచ్చింది.

ఆ కార్డు చూశాక మే నెలలో నేనూ సంచీ తగిలించుకుని బయల్దేరాను. మెక్సికోకి కాదు, అలంపురానికి.

మన భాషలో ‘తిరగడం’ మగవాడికి అనుభవం, ఆడదానికి తిట్టు. ‘నాలుగూళ్ళు తిరిగినవాడు’ అంటే లోకం తెలిసినవాడు. ‘తిరిగే మనిషి’ అని ఆడదాన్ని అంటే అర్థం మారిపోతుంది. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో ‘వై లాయిటర్?’ అనే పుస్తకం తెచ్చారు. ముంబై ఆడవాళ్ళ గురించి రాస్తూ, పనేమీ లేకుండా బహిరంగ స్థలంలో ఊరికే ఉండడం కూడా స్త్రీల హక్కేనని వాళ్ళు వాదించారు. ఆ వాదన నాకు ఇష్టం, క్లాసులో చెబుతాను కూడా. అయినా నేను ఆగిన ఒక పట్నంలో లాడ్జి గుమాస్తా "ఒక్క ఆడమనిషికి రూమియ్యం మేడం" అన్నప్పుడు నోట వచ్చిన మాట హక్కు గురించి కాదు, "రీసెర్చి పని మీద వచ్చాను" అని. పని ఉందని చెబితే తప్ప నిలబడే ధైర్యం నాకే లేదు.

అలంపురంలో తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలానివి, 7, 8 శతాబ్దాలవి. పేరుకు బ్రహ్మలు, లోపలున్నవి శివలింగాలు. జోగులాంబ పాత గుడి 14వ శతాబ్దంలో దెబ్బతిన్నాక అమ్మవారు శతాబ్దాలపాటు బాలబ్రహ్మ గుడిలో తలదాచుకుంది. 2005లో గాని ఆమెకు మళ్ళీ సొంత ఇల్లు అమరలేదు. ఈ ఊళ్ళోనే లజ్జాగౌరి శిల్పం దొరికింది. ప్రసవానికి కూచున్నట్టు మోకాళ్ళు మడిచిన ఆడ శరీరం, తల ఉండాల్సిన చోట విచ్చుకున్న పద్మం. లజ్జ అనే పేరు ఆ శిల్పానిది కాదు, చూసేవాళ్ళది. పరిశోధకులు ఆ పద్మాన్ని సృష్టికి ప్రతీక అంటారు. కావచ్చు. ఆమెను అందరూ చూస్తారు, ఆమెకు మాత్రం చూడటానికి కళ్ళు లేవు కదా అని నాకనిపించింది. ఆ మాట వ్యాసంలో పెట్టాలని నోటు పుస్తకంలో రాసుకున్నాను. అది ఎంత తొందరపాటో మూడు రోజుల తర్వాత తెలిసింది.

అలంపురం దగ్గరే కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. ఉంది అంటే, తెచ్చి పెట్టారు. తుంగభద్ర కృష్ణలో కలిసే చోట ఉండే గుడి. ముంపుకు ముందు ఒక్కో రాయికీ అంకె వేసి, విప్పి, ఇక్కడికి మోసుకొచ్చి, అంకెల వరసలోనే మళ్ళీ నిలబెట్టారు. సోమశిల గుళ్ళనూ, జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ ఇలాగే మెరకకు తెచ్చారు. గొప్ప పని. శిల్పులూ ఇంజనీర్లూ కూలీలూ శ్రద్ధగా చేసిన పని. ఆ గోడల మీది జాలకాల ముందు నిలబడి నేను సంతోషపడ్డాను, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ సంతోషం కిందే ఒక ప్రశ్న కదిలింది. రాయిని దాని పక్క రాయి నుంచి విడదీస్తే అర్థం పోతుందని తెలిసిన ప్రభుత్వానికి, మనిషిని పక్కింటి మనిషి నుంచి విడదీస్తే ఏమవుతుందో తెలియదా? మా అమ్మమ్మ ఊరి వాళ్ళు నాలుగు ఊళ్ళకు చెదిరిపోయారు. ఎవరి పక్కన ఎవరుండేవారో ఎవరూ అంకెలు వేసుకోలేదు. 1986లో జీవో 98 వచ్చింది, ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అని. ఆ ఉద్యోగాల కోసం నిర్వాసితులు దశాబ్దాలపాటు తిరిగారు. మా ఇంట్లో రాయించింది మేనమామ పేరు. మా అమ్మ పేరు ఎవరికీ తోచలేదు, ఆమె అప్పటికే ‘ఇంకో ఇంటి’ మనిషి. పోయిన ఇంటి లెక్కలో కూడా ఆడపిల్లకు ఇల్లు లేదు.

శిథిలం అని దేన్నంటాం? నాశనం చేసినవాళ్ళు చచ్చిపోయి చాలాకాలమైతే అది శిథిలం, చూడటానికి వెళతాం. వాళ్ళు ఇంకా బతికే ఉంటే అది కూల్చిన ఇల్లు, చూడటానికి సిగ్గుపడతాం. తేడా అందంలో లేదు, ఎడంలో ఉంది. మరైతే నా వంటి మనిషికి, అంత ఎడం లేని మనిషికి, ఈ చూపులో సంతోషపడే హక్కు ఉందా? ఈ ప్రశ్నతోనే కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరాను.

వేసవిలో శ్రీశైలం నీళ్ళు తగ్గితే అవతలి ఒడ్డున, ఇప్పటి నంద్యాల జిల్లాలో, సప్తనది సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. లోపలిది వేపదారు లింగం. దాన్ని చూడటానికి సోమశిల నుంచి పడవలు పోతాయి. పడవలో నా పక్కన డెబ్బై దాటిన అవ్వ. నా సంచీ కేసి చూసి అడిగింది:

"ఎవరింటికి పోతున్నవు బిడ్డా?"

"ఎవరింటికీ కాదవ్వా. చూడనీకి."

"ఏం సూడనీకి?"

గుడి, నది, మునిగిన ఊళ్ళు అన్నాను. నా అమ్మమ్మ ఊరి పేరు చెప్పాను. ఆమెది ఆ పక్క ఊరే. పడవ మీంచి నీళ్ళలోకి వేలు చూపించి "మా బాయి ఆడ" అంది. నాకు నీళ్ళే కనిపించాయి.

పొలం పోయాక ఆమె, ఆమె పెనిమిటి గుంపుతో మట్టిపనికి పోయారు. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి, అడ్వాన్సు తీసుకుని. గుజరాత్‌లో కాలువలు, పుణే దగ్గర రోడ్లు, బొంబాయిలో బిల్డింగుల పునాదులు. తన ఊరిని ముంచిన ఆనకట్టలాంటివే ఇంకెక్కడో కట్టింది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. నేను జాలిగా, "పాపం, అన్ని ఊళ్ళు పోయినా ఏమీ చూడలేకపోయినవు కదవ్వా" అన్నాను.

ఆమె నన్ను విచిత్రంగా చూసింది. "పనికి పోతే కండ్లు ఇంట్ల పెట్టి పోతమా బిడ్డా?"

అప్పుడు చెప్పింది. బొంబాయిలో ఒకనాటి సాయంత్రం ఇంకొక ఆమెతో కలిసి, మేస్త్రీకి చెప్పకుండా, అడుగుకుంటూ నడిచి సముద్రం దగ్గరికి పోయింది. "అన్ని నీళ్ళు! అవుతలి ఒడ్డు లేదు. ఊకనే కూసున్నం. పల్లీలు కొనుక్కున్నం." చీకటి పడ్డాక తిరిగివస్తే మేస్త్రీ ఒకరోజు కూలి కోశాడు. "తిరుగుబోతుదానా అన్నడు" అని నవ్వింది. పళ్ళు లేని నోటితో, గుట్టుగా, పదహారేళ్ళ పిల్లలా.

నా నిర్వచనం ఆ పడవలోనే మునిగింది. ఇష్టంతో పోయేవాళ్ళు చూస్తారు, గతిలేక పోయేవాళ్ళు మోస్తారు అని నేను ఇన్నాళ్ళూ లోకాన్ని రెండుగా కోసి, మోసేవాళ్ళ పక్షాన నిలబడ్డాననుకున్నాను. నిజానికి వాళ్ళ కళ్ళు తీసేసింది నేనే. జాలి చాలాసార్లు ఈ పనే చేస్తుంది. అవతలి మనిషికి బాధ మాత్రమే మిగిల్చి, అందం మన వాటాకు ఉంచుకుంటుంది. లజ్జాగౌరికి తల లేదని రాసుకున్న నేను, తల ఉన్న ఎంతమందిని తల లేకుండా చదివానో!

అలాగని ఆమె సముద్రమూ నా కృష్ణా ఒకటే అనను. నా జేబులో ఏటీఎం కార్డు ఉంది, తిరుగు టికెట్ ఉంది, ‘రీసెర్చి’ అనే మాట ఉంది. ఆమె ఆ సాయంత్రానికి ఒకరోజు కూలి చెల్లించింది. ఇద్దరికీ పడే తిట్టు ఒకటే గనక ఇద్దరి స్వేచ్ఛా ఒకటేనని అనుకోవడం మన స్త్రీవాద రచనల్లో కొన్నిసార్లు జరిగిన తొందరపాటు. కానీ ఆ తేడాకు జవాబు నేను చూడటం మానెయ్యడం కాదు. నేను ఇంట్లో కూచుంటే ఆమె కూలి తిరిగిరాదు. నా సంతోషాన్ని అపరాధంగా మార్చుకుని, దాన్ని పేరాలుగా రాసుకుంటే అది కూడా ఒకరకం అలంకారమే. చూసినప్పుడు ఎవరు కట్టారు, ఎవరు మోశారు అని మాత్రమే కాదు, ఇక్కడ ఇంకెవరు చూశారు, వాళ్ళకేం కనిపించింది అని అడగాలి. అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయాలి. నా వంటి దానికి చేతనైన పని ఇదీ. నా థీసిస్ పుస్తకంగా వేసే ఆలోచన ఉంది. మొదటి అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను.

సంగమేశ్వరంలో అవ్వ దేవుడికి మొక్కి, గుడి వెనక రాళ్ళ మీద చాలాసేపు ఊరికే కూచుంది. నేనూ పక్కన కూచున్నాను. ఎండ మాడిపోతోంది. ఆమె ఏం చూస్తోందో అడగాలనిపించి, అడగలేదు. అన్నీ అడగక్కర్లేదు కూడా.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. నలభై ఏళ్ళు దాటినా ఆమె ఒక్కసారీ ఆ వైపు పోలేదు. వచ్చే ఏడు ఇద్దరం కలిసి పోదామన్నాను.

"ఆడ మనోళ్ళు ఎవరున్నరని? ఎవరింటికి పోతం?" అంది.

"ఎవరింటికీ వద్దు. చూడనీకి."

అమ్మ ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను. రాత్రి పడుకునేముందు, లైటు తీసేశాక, చీకట్లోంచి అడిగింది:

"నీళ్ళు తగ్గేది ఏ నెలల?"