వండిపెట్టడం, ఉండిపోవడం

ఉప్పెంత వెయ్యాలని అడిగితే మా అమ్మమ్మ "తగినంత" అనేది. ఆ తగినంత ఎంతో ఎప్పుడూ చెప్పలేదు. ప్రాజెక్టు పని మీద టోక్యోలో ఉన్న రెండేళ్ళలో అచ్చం అలాగే మాట్లాడే వంట పుస్తకం ఒకటి పాత పుస్తకాల షాపులో దొరికింది. పేరు ‘దాన్ ర్యూ కుకింగ్’, అంటే దాన్ తరహా వంట. రాసినాయన దాన్ కజువో (1912–1976) అనే నవలా రచయిత. 1969 నుంచి సంకేయి షింబున్ అనే దినపత్రికలో ఆయన రాసిన వంటల కబుర్లివి. కొలతల గురించి పెద్ద పట్టింపు ఉండదు. ధైర్యం మాత్రం బోలెడంత ఇస్తాడు. నా జపనీస్ అంతంతమాత్రమే అయినా, వంటే కదా అని నెట్టుకొచ్చాను. మనిషి తెగ నచ్చేశాడు. ఆ తర్వాత ఆయన జీవితం గురించి చదివాను. అప్పట్నుంచీ ఒక ప్రశ్న వదలడం లేదు.

దాన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. మిగిలింది తండ్రి, ముగ్గురు చిన్న చెల్లెళ్ళు. తండ్రికి వంట రాదు. కొన్నాళ్ళు బయట తిండితో గడిచాక ఆ పిల్లవాడే పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. ఆయన వంట అక్కడ మొదలైంది. సరదాకి కాదు, చెల్లెళ్ళకి ఆకలేస్తుంది కాబట్టి.

పెద్దయ్యాక మొదటి భార్య రిత్సుకోకి క్షయ వచ్చింది. యుద్ధం ముగిసిన కరువు రోజుల్లో, ఒక పక్క పసివాణ్ణి చూసుకుంటూ ఆమెకి సేవ చేశాడు. 1946లో ఆమె పోయింది. ఆ రోజుల మీద రాసిన నవలలతో ఆయనకి పేరొచ్చింది. కష్టంలో నిలబడలేని మనిషి అని ఆయన్ని తేలిగ్గా తీసెయ్యలేం. కథ ఇక్కడే ఆగితే బాగుండేది.

యొసొకొని రెండో పెళ్ళి చేసుకున్నాడు. 1955లో కొడుకు జిరోకి మెదడువాపు జ్వరం వచ్చి, శరీరం చచ్చుబడి మంచాన పడ్డాడు. మరుసటేడు, చనిపోయిన స్నేహితుడు దజాయ్ ఒసాము స్మారక శిలని ఆవిష్కరించే సభకి వెళ్ళిన దాన్, ఆ ప్రయాణంలోనే ఒక నటితో సంబంధం మొదలుపెట్టాడు. తిరిగొచ్చి భార్యతో తనే చెప్పాడు. తర్వాత ఆ నటితో కాపురం పెట్టాడు. ఇంట్లో యొసొకొ, మంచాన కొడుకు, మిగతా పిల్లలు. వీటన్నిటినీ ‘కతకు నొ హితొ’ (మండుతున్న ఇంటి మనిషి) అనే నవలగా దాదాపు ఇరవై ఏళ్ళపాటు రాశాడు. చివరి అధ్యాయం ఆస్పత్రి మంచం మీద నుంచి చెప్పి రాయించాడు. 1975లో పుస్తకం వచ్చింది. 1976 జనవరిలో ఆయన పోయాడు. బహుమతులన్నీ తర్వాత వచ్చాయి.

నవల ఎలా మొదలవుతుందో చూడండి. కదల్లేని కొడుకు పక్కన కూర్చుని, వాడేదో ఈత పోటీలో దూకుతున్నట్టు తండ్రి రేడియో వ్యాఖ్యాత గొంతుతో హడావిడి చేస్తాడు. పిల్లవాడు నవ్వుతాడు. ఈ నవల చదవడానికి డిక్షనరీ, ఒక జపనీస్ కొలీగ్ ఓపిక రెండూ ఖర్చు చేశాను. ఆ పేజీ దగ్గర మాత్రం ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు. అంత ప్రేమగా నవ్వించగలిగిన మనిషి కాసేపటికి లేచి బయటికి వెళ్ళిపోతాడు.

నా ప్రశ్న ఇదీ. కడుపు నిండా పెట్టిన చెయ్యి, వదిలేసి వెళ్ళిన అప్పుని తీర్చినట్టేనా?

మన దగ్గర దీనికి జవాబు సగం ముందే ఉంది. ‘అన్నదాతా సుఖీభవ’ అనేస్తాం. ఒకరి ఉప్పు తిన్నాక వాళ్ళ తప్పులెంచడానికి నోరు రాదు. దాన్ ఇంట్లోనూ అలాగే జరిగిందేమో అనిపిస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా వండి పెట్టే మనిషి మీద ఎంతకాలం కోపంగా ఉండగలం? కానీ ఒకటుంది. వంటకి ముగింపు ఉంటుంది. పళ్ళెం ఖాళీ అవగానే ‘బ్రహ్మాండం’ అని మెచ్చుకుంటారు, వండినవాడు లేచి వెళ్ళిపోవచ్చు. జిరో పక్క మార్చడానికి, బట్టలు మార్చడానికి ముగింపు లేదు, మెప్పూ లేదు. ఆ పని యొసొకొ చేసింది.

నవల పేరు బౌద్ధుల సద్ధర్మ పుండరీక సూత్రంలోని కథ నుంచి వచ్చింది. ఇల్లు తగలబడుతుంటే పిల్లలు లోపల ఆటలో మునిగి ఉంటారు. తండ్రి బయట నిలబడి, మేక బండి, జింక బండి, ఎద్దు బండి ఇస్తానని ఆశపెట్టి వాళ్ళని బయటికి రప్పిస్తాడు. దాన్ ఈ పేరు పెట్టుకోవడంలో నిజాయితీ ఉంది. తన ఇల్లు మండుతోందని ఆయనకి తెలుసు. కానీ ఆ కథలో తండ్రి పని పిల్లల్ని బయటికి తేవడం. ఇక్కడ తండ్రి ఒక్కడే బయటికి వచ్చాడు. లోపలున్నవాళ్ళ గురించి గొప్పగా రాశాడు.

నిజం దాచకుండా రాశాడు కదా అని ఆయన్ని సమర్థించేవాళ్ళు ఉంటారు. ఒప్పుకోవడం వేరు, బాధ్యత తీసుకోవడం వేరు అని నాకనిపిస్తుంది. పైగా ఆ నిజం ఆయనొక్కడిదే కాదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి సవాకి కొతారో అనే రచయిత యొసొకొతో సుదీర్ఘంగా మాట్లాడి, ఆమె ‘నేను’ అని చెబుతున్నట్టుగా ‘దాన్’ అనే పుస్తకం రాశాడు. 1995లో వచ్చింది. అదే ఇల్లు ఆమె వైపు నుంచి కనిపించడానికి అంతకాలం పట్టింది.

ఇంతా రాసి తీర్పు చెప్పడానికి నాకేం అర్హత ఉంది? ఆదివారం ఆదివారం నేను వంట చేస్తాను. దాన్ చూసి నేర్చుకున్నదే, కొలతల్లేకుండా. ఫ్రెండ్స్ వస్తారు, లొట్టలేసుకుంటూ తింటారు. ఒకసారి మా ఆవిడ మామూలుగానే అంది: "ఆదివారం వంట నీది. సోమవారం గిన్నెలు, మిగతా ఆరు రోజుల పప్పూ నావి." ఆవిడకి దాన్ ఎవరో తెలీదు. నేను వంటని ప్రేమ అనుకుంటున్నాను, అది నిజమే. కానీ అందులో నాకు నచ్చిన భాగాన్ని మాత్రమే ప్రేమించాను.

తొమ్మిదేళ్ళ ఆ పిల్లవాడు ఆదివారం వంటవాడు కాదు. రోజూ వండినవాడు. విడిచిపోవడం అంటే ఏమిటో అంత దగ్గరగా చూసినవాడు మళ్ళీ అదే పని ఎలా చేశాడు అన్నది నాకు మింగుడుపడదు. బహుశా మనిషి లేని చోటుని అన్నం నింపుతుందని అప్పుడే నమ్మేసి ఉంటాడు. ఆ నమ్మకమే ఆయన చెల్లెళ్ళని బతికించింది. అదే నమ్మకం తర్వాత ఆయనకి సాకుగానూ పనికొచ్చింది.

1986లో ఫుకసాకు కింజి ఆ నవలని సినిమాగా తీశాడు. అందులో కథానాయకుడిని చిన్నప్పుడే వదిలి వెళ్ళిపోయిన తల్లి వేషం వేసిన నటి దాన్ ఫుమి. ఆమె దాన్ కజువో సొంత కూతురు. తండ్రిని వదిలేసిన మనిషిగా ఆ కూతురు కెమెరా ముందు నిలబడినప్పుడు ఏమనుకుందో ఊహించబోయి మానుకున్నాను. అది ఆమె కథ.

పుస్తకం ఇప్పటికీ మా వంటింటి అలమారలోనే ఉంది. పేజీలకి నూనె మరకలు. తీసెయ్యాలనిపించలేదు. ఈమధ్య సోమవారాలు కూడా గిన్నెల దగ్గర నిలబడుతున్నాను. దీన్ని ఎవరూ మెచ్చుకోరు.